నవాబు వద్దు, జవాబు కావాలి

సర్కారీ ఇఫ్తార్ ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు. పత్రికలవాళ్ళం కాబట్టి వేదిక పక్కనే నిలబడి చూశాం. ఫతే మైదాన్‌లో - ఇప్పుడంతా ఎల్.బి. స్టేడియం అంటున్నారు - షామియానాలు వేస్తారు. మగ్రిబ్ అజాన్‌కు కాస్త ముందు ముఖ్యమంత్రి వస్తారు. ఒకరు టోపీ పెడతారు. ఒకరు మెడలో రుమాలు వేస్తారు. ఫొటోలో పడటానికి మా పెద్దలు భుజాలు ఒరుసుకుంటారు. ఖజూర్ నోట్లో పడిందో లేదో మైకు మోగుతుంది. ఒక షాదీఖానా, ఒక ఖబరస్తాన్‌కు ప్రహరీగోడ, ఇమాములకు గౌరవవేతనం. చప్పట్లు. బిర్యానీ. తర్వాత ఎవరిళ్ళకు వాళ్ళు.

మర్నాడు తెలుగు పత్రికలో 'మైనారిటీలపై వరాల జల్లు' అని వస్తుంది. ఉర్దూ పత్రికలో 'వజీర్-ఎ-ఆలా నే అతా ఫర్మాయా' అని వస్తుంది. అంటే దయతో ప్రసాదించారని. రెండు భాషల్లోనూ అన్నం తింటున్న మేము ఈ రెండు రకాల శీర్షికలూ మా చేతులతోనే పెట్టాం. కనుక మొదటి తప్పు మాదే. ఆ తప్పు ఒప్పుకున్నాకే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం.

వరమిచ్చేది దేవుడు. అతా చేసేది పాదుషా. ముఖ్యమంత్రి ఈ రెండింటిలో ఏదీ కాదు. మాటల్లోకి పోయి చూసినా అంతే. మంత్రి అంటే ఆలోచన చెప్పేవాడు. వజీర్ అంటే బరువు మోసేవాడని అరబ్బీలో మూలార్థం చెబుతారు. తెలుగులో చూసినా ఉర్దూలో చూసినా ఆ పదవి పేరులో రాజు లేడు. ఆ కుర్చీలో రాజును కూర్చోబెట్టింది మనమే. ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ళలో ముందు వరస మా ముసల్మానులది. ఎందుకు నిలబడ్డామో, దానివల్ల ఏం పోగొట్టుకున్నామో చెప్పుకోకుండా మా అస్తిత్వం గురించి ఎన్ని మాటలు మాట్లాడినా గాలి మాటలే.

అసలు రాజ్యాంగం ఏం చెప్పింది? 164వ అధికరణం ప్రకారం ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు. ముఖ్యమంత్రి సలహా మీద మిగతా మంత్రుల్ని నియమిస్తారు. మంత్రివర్గమంతా కలిసి శాసనసభకు జవాబుదారీ. ఈ ఆఖరి వాక్యమే పార్లమెంటరీ పద్ధతికి ప్రాణం. ముఖ్యమంత్రి సమానుల్లో మొదటివాడు, అంతే. సభలో బలం పోయిన రోజున ఆ పదవి ఉండదు. బలం ఉందో లేదో తేలవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలో అని 1994లో బొమ్మయ్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం తేల్చి చెప్పింది. ఖజానా కూడా ముఖ్యమంత్రిది కాదు. సభ ఓటేసి మంజూరు చేస్తేనే ఒక్క రూపాయి కదులుతుంది. ఇంత స్పష్టంగా రాసిపెట్టి ఉన్న పదవి మా బస్తీల్లోకి వచ్చేసరికి దర్బారు ఎలా అయింది?

దీనికి మూలం వెతకాలంటే 1948 దాకా పోవాలి. నిజాం రాజ్యంలో సదర్-ఎ-ఆజమ్‌ను నిజాం ఫర్మానా నియమించేది. ఆయన జవాబు చెప్పుకోవలసింది నిజాంకే, జనానికి కాదు. ఆ రాజ్యంలో ముసల్మానులంతా పాలకులే అన్నట్టు ఈనాటికీ కొందరు రాస్తుంటారు. మా తాతలు నవాబులు కారు. జట్కా తోలినవాళ్ళు, అద్దకం పనిచేసినవాళ్ళు, కచేరీలో బంట్రోతులుగా నిలబడ్డవాళ్ళు. సెప్టెంబర్ 1948లో పోలీస్ చర్య జరిగింది. తర్వాత మరాఠ్వాడాలోనూ ఇతర జిల్లాల్లోనూ ముసల్మానుల ఊచకోత జరిగింది. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు దాచిపెట్టారు. అది జనం చేతికి వచ్చేసరికి 2013 అయింది.

ఆ నెత్తుటి తడి ఆరకముందే హైదరాబాద్ రాష్ట్రం మొదటి ముఖ్యమంత్రిని చూసింది. 1950 జనవరి 26న ఆ పదవిలోకి వచ్చిన ఎం.కె. వెల్లోడి ఎన్నికైన మనిషి కాదు. ఐ.సి.ఎస్. అధికారి. అడగడానికి ఎన్నికైన శాసనసభ కూడా లేదు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు వచ్చేదాకా అదే పద్ధతి. ముఖ్యమంత్రి అనే మాట మా తాతలకు మొదట పరిచయమైంది ఈ రూపంలోనే. భయంతో వణుకుతున్న జాతి ముందు జవాబుదారీ లేని అధికారి నిలబడితే ఆ జాతి ఏం చేస్తుంది? ప్రశ్న మానేసి అర్జీ పట్టుకుంటుంది. హక్కు అనే మాట మింగేసి మెహర్‌బానీ అనే మాట నేర్చుకుంటుంది. మా తాతలు అదే నేర్చుకున్నారు. వాళ్ళను తప్పు పట్టం. 70 ఏళ్ళు దాటినా అదే పాఠం వల్లిస్తున్న మమ్మల్ని మేము తప్పు పడుతున్నాం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ముఖ్యమంత్రి సభలో పుట్టి సభలో పోయే మనిషి అయ్యాడా? కాలేదు. 1978లో ఎన్నికైన ఒకే శాసనసభ కాలంలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి - నలుగురు ముఖ్యమంత్రులు వచ్చారు. సభ వాళ్ళను తేలేదు, సభ వాళ్ళను దించలేదు. ఢిల్లీ తెచ్చింది, ఢిల్లీ దించింది. 1989 తర్వాతి అయిదేళ్ళలో మళ్ళీ ముగ్గురు. ఇది తెలుగువాళ్ళ ఆత్మగౌరవానికి అవమానమని అందరూ రాశారు, నిజమే. కానీ ఆ ఊగిసలాటకు మూల్యం ఎవరు చెల్లించారో రాసినవాళ్ళు తక్కువ.

1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి. రామారావును బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న రామారావు మళ్ళీ వచ్చారు. చరిత్ర పుస్తకాల్లో అది ప్రజాస్వామ్య పునరుద్ధరణ ఉద్యమం. మాకు గుర్తున్నది ఇంకొకటి కూడా. ఆ నెలరోజుల్లోనే పాతబస్తీలో మతకలహాలు, కర్ఫ్యూ, శవాలు. పైన కుర్చీ ఎవరిదో తేలలేదు. కింద ప్రాణాలకు ఎవరు పూచీయో తేలలేదు. 1990 డిసెంబర్‌లో మళ్ళీ అంతే. వందకు పైగా ప్రాణాలు పోయాయి. చెన్నారెడ్డి దిగిపోయారు, అదే నెలలో జనార్దనరెడ్డి ఎక్కారు. అధికార పార్టీలోని ముఠా తగాదాలకూ ఆ మంటలకూ సంబంధం ఉందని ఆనాడే చాలామంది రాశారు. ఒక ముఖ్యమంత్రిని సభలో అవిశ్వాస తీర్మానంతో దించే మార్గం ఉన్నప్పుడు, పాతబస్తీ గల్లీలో కత్తిపోట్ల తర్వాత దిగిపోవడం ఏమిటి? సభలో జరగాల్సింది సభలో జరగకపోతే అది వీధిలో జరుగుతుంది. వీధిలో జరిగినప్పుడు మొదట చచ్చేది మేము. అందుకే పార్లమెంటరీ పద్ధతి మాకు పాఠ్యపుస్తకంలో చదివి వదిలేసే సంగతి కాదు. మా ప్రాణాల సంగతి.

ప్రాంతీయ పార్టీ వచ్చాక ఢిల్లీ దర్బారు పోయింది, నిజమే. దాని స్థానంలో హైదరాబాద్ దర్బారు వచ్చింది. 1989 ఫిబ్రవరిలో బడ్జెట్ వివరాలు బయటికి పొక్కాయన్న కోపంతో రామారావు 31 మంది మంత్రుల్ని ఒక్కరోజున తీసేశారు. సమానుల్లో మొదటివాడు మిగతా సమానులందరినీ ఇంటికి పంపించాడు! ఆ తర్వాత వచ్చినవాళ్ళు అంత నాటకీయంగా చేయలేదు కానీ పాఠం నేర్చుకున్నారు. మంత్రి అనేవాడు ఫైలు మీద సంతకం పెట్టే మనిషి, నిర్ణయం మాత్రం పేషీలో జరుగుతుంది. తెలంగాణ వచ్చాక సచివాలయం కూడా అవసరం లేకుండా పోయింది. పాలన ప్రగతి భవన్‌కు చేరింది.

ఇలాంటి మంత్రివర్గంలో మాకొక కుర్చీ వేస్తే ఎంత, వేయకపోతే ఎంత అనిపిస్తుంది. అయినా ఆ కుర్చీ కథ చెప్పుకోవాలి, ఎందుకంటే దర్బారు పద్ధతి అక్కడే బట్టబయలవుతుంది. 2014 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు మంత్రివర్గం ఏర్పడింది. నాలుగేళ్ళు దాటినా అందులో ఒక్క ముసల్మాను లేడు. 2018 నవంబర్‌లో ఒకరిని తీసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో ఎన్నికలు. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో రేవంత్‌రెడ్డి ప్రభుత్వం వచ్చింది. పన్నెండున్నర శాతం పైచిలుకు ముసల్మానులున్న రాష్ట్రం అది. దాదాపు రెండేళ్ళు మంత్రివర్గంలో ఒక్క ముసల్మాను లేడు. 2025 అక్టోబర్ 31న అజారుద్దీన్ చేత ప్రమాణం చేయించారు. నవంబర్ 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక పోలింగ్.

మీవాళ్ళెవరూ మా పార్టీ నుంచి గెలవలేదు కదా, మేమేం చేస్తాం అని అప్పటిదాకా చెప్పారు. 2023లో గెలిచిన ఏడుగురు ముస్లిం ఎమ్మెల్యేలూ మజ్లిస్ వాళ్ళేనన్నది నిజం. కానీ అదే 164వ అధికరణంలో ఇంకో వాక్యం ఉంది. ఏ సభలోనూ సభ్యుడు కానివాడిని కూడా మంత్రిగా తీసుకోవచ్చు, ఆరునెలల్లో సభ్యుడైతే చాలు. ప్రమాణం చేసిన రోజున అజారుద్దీన్ ఏ సభలోనూ సభ్యుడు కారు. అంటే దారి మొదటి రోజునుంచీ తెరిచే ఉంది. పోలింగ్ పదకొండు రోజుల దూరంలోకి వచ్చేదాకా అది ఎవరికీ కనిపించలేదు. ఇందులో ఆ మంత్రి తప్పేమీ లేదు. మా ప్రాతినిధ్యం ఎన్నికల పంచాంగం చూసి పెట్టే ముహూర్తం కాకూడదన్నదే మా మాట.

ఇక ఉప ముఖ్యమంత్రి పదవి. తెలంగాణలో 2014 నుంచి మహమూద్ అలీ, ఆంధ్రలో 2019 నుంచి అంజాద్ బాషా ఆ పేరుతో కొన్నేళ్ళు ఉండేవారు. ఆంధ్రలో అయితే ఒకేసారి అయిదుగురు ఉప ముఖ్యమంత్రులు. రాజ్యాంగంలో ఆ పదవి లేదు. ఆ పేరు పెట్టుకుంటే తప్పు లేదు, కానీ దానివల్ల మామూలు మంత్రికి లేని అధికారం ఒక్కటి కూడా రాదు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అంటారు. గరిటె ముఖ్యమంత్రి చేతిలో ఉన్నప్పుడు వడ్డించేవాడని పేరు పెట్టి పంక్తిలో నిలబెడితే ఆకులోకి ఏమొస్తుంది?

ఆకులోకి వచ్చిందేమిటో కూడా చూద్దాం. షాదీ ముబారక్ పథకం 2014 అక్టోబర్‌లో 51 వేల రూపాయలతో మొదలైంది. తర్వాత 75,116 అయింది, 2018లో 1,00,116 అయింది. పేదింటి తల్లి చేతికి ఆ చెక్కు రావడం మంచిదే. ఆ తల్లుల కష్టం తెలిసినవాళ్ళం, పథకాన్ని తప్పు పట్టం. కానీ ఆ చివరి 116 ఎక్కడిది? బడ్జెట్ పద్దుల్లో నూటపదహార్లు ఉండవు. అది పెళ్ళి పందిట్లో కట్నాలు చదివించేటప్పటి అంకె. శాసనసభ మంజూరు చేసిన సొమ్ము, మేము కట్టిన పన్ను కూడా కలిసిన సొమ్ము, ముఖ్యమంత్రి ఇంటి నుంచి వచ్చిన చదివింపు అయిపోయింది. చెక్కు పట్టుకున్న తల్లి దండం పెట్టింది. దండం పెట్టిన చెయ్యి ప్రశ్నించడానికి లేవదు. ఆ అంకెలో ఉన్న రాజకీయం అదే.

దయకూ చట్టానికీ తేడా ఏమిటో మాకు రిజర్వేషన్ల కథ నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పలేదు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి అధికారంలోకి రాగానే జూలైలో ముసల్మానులకు 5 శాతం రిజర్వేషన్ ఇస్తూ జీవో ఇచ్చారు. మా వీధుల్లో మిఠాయిలు పంచుకున్నాం. సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. వెనుకబాటు తేల్చవలసిన బి.సి. కమిషన్‌ను సంప్రదించకుండా ఇచ్చారని తప్పు పట్టింది. 2005లో కమిషన్ నివేదిక తెచ్చి చట్టం చేశారు, అదీ కోర్టులో నిలవలేదు. 2007లో పద్ధతి మార్చారు. మతం మొత్తానికి కాకుండా, ముసల్మానుల్లో వెనుకబడిన 14 సమూహాలను గుర్తించి, బి.సి.-ఇ కింద 4 శాతం ఇస్తూ సభలో చట్టం చేశారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. కానీ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి కొనసాగించింది. ఆ ఉత్తర్వు నీడలోనే మా పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల్లో, మెడికల్ కాలేజీల్లో సీట్లు తెచ్చుకున్నారు.

రాజశేఖరరెడ్డికి మేము కృతజ్ఞులం. ఆ కృతజ్ఞత ఎందుకో మాత్రం సరిగ్గా చెప్పుకుందాం. కలం ఊపి ఇచ్చిన జీవో రెండు నెలలు బతికింది. కమిషన్ ముందుకు వెళ్ళి, లెక్కలు తీసి, సభలో బిల్లు పెట్టి చేసిన చట్టం ఇన్ని దెబ్బలు తిన్నా ఊపిరితో ఉంది. ముఖ్యమంత్రి నవాబులా ఇచ్చింది పడిపోయింది. వజీరులా బరువు మోసి చేసింది నిలబడింది.

ఆ పాఠం తెలంగాణలో ఎవరు నేర్చుకున్నారు? 2014 ఎన్నికల్లో 12 శాతం ఇస్తామన్నారు. సుధీర్ కమిషన్ వేశారు. 2017 ఏప్రిల్ 16న సభ ప్రత్యేకంగా కూర్చుని ఒకే బిల్లులో బి.సి.-ఇ వాటాను 4 నుంచి 12 శాతానికి, ఎస్.టి. వాటాను 6 నుంచి 10 శాతానికి పెంచింది. బిల్లు ఢిల్లీ వెళ్ళింది, తిరిగి రాలేదు. 2022 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ కోసం ఎదురుచూడటం మానేసి ఎస్.టి.ల 10 శాతానికి జీవో ఇచ్చింది. ఆదివాసీ, లంబాడా సోదరులకు దక్కింది వాళ్ళ హక్కు, దానికి మేము సంతోషించాం. మా ప్రశ్న ముఖ్యమంత్రికి. ఒకే బిల్లులో రెండు వాగ్దానాలు ఉన్నాయి. ఒకదానికి కలం కదిలింది. రెండోదానికి ఎందుకు కదల్లేదు?

దీనికి న్యాయమైన జవాబు ఉండొచ్చు. ఎస్.టి.లకు జనాభా లెక్క ప్రకారం ఇచ్చే ఆధారం వేరు, మీకు జీవో ఇస్తే 2004లోలా రెండునెలల్లో పోతుంది అనవచ్చు. ఆ వాదనలో బలం ఉందని మేమే ఒప్పుకుంటాం. అయితే ఆ మాట సభలో నిలబడి చెప్పాలి కదా! 12 శాతం ఇవ్వడం మా చేతుల్లో లేదు, వాగ్దానం చేసినప్పుడు కూడా లేదు, అని చెప్పాలి కదా! చెప్పలేదు. ఇఫ్తార్ వేదిక మీద ఇచ్చిన మాటకు ఇఫ్తార్ వేదిక మీద జవాబు అడగలేం. అక్కడ మేము అతిథులం. జవాబు అడిగే చోటు సభ. అక్కడ మా తరఫున గొంతు చించుకోవలసినవాళ్ళు ముఖ్యమంత్రితో స్నేహం చెడుతుందని నెమ్మదిగా మాట్లాడారు.

భూముల సంగతీ ఇంతే. మణికొండలో హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాలను ఒకరి తర్వాత ఒకరు ముఖ్యమంత్రులు కంపెనీలకూ సంస్థలకూ పంచారు. ఉద్యమ కాలంలో ఆ భూమి తిరిగి ఇప్పిస్తామని మాకు మాట ఇచ్చారు. రాష్ట్రం వచ్చాక సుప్రీంకోర్టులో సర్కారు వకీలు అది సర్కారు భూమేనని వాదించాడు. 2022 ఫిబ్రవరిలో సర్కారు గెలిచింది, మేము ఓడిపోయాం. కోర్టు తీర్పును శిరసావహిస్తాం. ఊళ్ళో ఇచ్చిన మాటకు కోర్టులో ఎదురు వాదన ఎందుకు వేశారో ఏ ముఖ్యమంత్రీ చెప్పలేదు. 2017 నవంబర్‌లో నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు రికార్డు గదికి ముఖ్యమంత్రి ఆదేశం మీద తాళం పడింది. అక్రమాలు ఆపడానికన్నారు. ఏళ్ళ తరబడి ఆ తాళం తీయలేదు. వక్ఫ్ బోర్డు చట్టం కింద ఏర్పడ్డ సంస్థ, ముఖ్యమంత్రి ఇంటి కొట్టుగది కాదు. కాగితాలు లోపల, కోర్టు కేసులు బయట. కబ్జాదారుకు ఇంతకన్నా ఏం కావాలి?

అన్నిటికన్నా బరువైనది పోలీసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో 5 మంది చనిపోయారు. మా కుర్రాళ్ళను పట్టుకుపోయి చితకబాదారు. కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలేశాయి. కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం వాళ్ళలో కొందరికి 3 లక్షలు, కొందరికి 20 వేలు పరిహారం ఇచ్చింది. అలా ఇవ్వడానికి చట్టంలో ఆధారం లేదని 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. చూడండి, మళ్ళీ అదే కథ. దయ ఉంది, చట్టం లేదు. నిర్దోషిగా తేలినవాడికి పరిహారం హక్కుగా ఇచ్చే చట్టం ఒకటి సభలో పెట్టి ఉంటే అది మాకే కాదు, అడవిలో అన్యాయంగా అరెస్టయిన ఆదివాసీకీ, దొంగ కేసు మోపించుకున్న దళితుడికీ పనికొచ్చేది.

ఆ కాల్పుల మీద జస్టిస్ భాస్కరరావు కమిషన్ వేశారు. నివేదిక 2010లో ప్రభుత్వానికి చేరింది. ఏళ్ళ తరబడి బయటికి రాలేదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం నివేదిక వచ్చిన ఆరు నెలల్లో, ఏం చర్య తీసుకున్నారో రాసి, సభ ముందు పెట్టాలి. ఆ చట్టం మాకోసం ప్రత్యేకంగా చేసింది కాదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసుల చేతిలో చచ్చిపోయారు. చేతులకు బేడీలు ఉన్నాయి. వాళ్ళ మీద ఉన్న ఆరోపణలు ఎంత పెద్దవైనా తీర్పు చెప్పవలసింది కోర్టు. ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు. తర్వాత మౌనం. శాంతిభద్రతలకు జవాబు చెప్పుకోవలసిన ముఖ్యమంత్రి ఆ ఏడాది రంజాన్‌లో ఇఫ్తార్ ఇచ్చారు. మేము వెళ్ళి ఖజూర్ తిన్నాం.

మా లౌకికవాద మిత్రులు ఇక్కడ ఒక మాట అంటారు. మంచి ముఖ్యమంత్రి దొరికితే చాలదా, పద్ధతి గురించి ఇంత గొడవ ఎందుకు, అవతల మతోన్మాదులు కాచుకుని ఉన్నారు, ఉన్నవాడిని బలహీనపరచకండి అని. ఈ మాట దశాబ్దాలుగా వింటున్నాం. మా జవాబు ఒకటే. మీరు మంచివాడి చేతికి అప్పగించిన అపరిమితమైన అధికారం రేపు చెడ్డవాడి చేతికి అలాగే వెళుతుంది. రికార్డు గదికి తాళం వేసే అధికారం స్నేహితుడికి ఉంటే శత్రువుకూ ఉంటుంది. మంచివాడి కాలంలో సభను మూగది చేసుకుంటే చెడ్డవాడి కాలంలో అది మాట్లాడదు. మమ్మల్ని కాపాడేది ముఖ్యమంత్రి గుండెలోని లౌకికవాదం కాదు, ముఖ్యమంత్రి మెడ మీద ఉండే సభ.

అటువైపు మిత్రులు కానివాళ్ళు దీన్నంతా బుజ్జగింపు అంటారు. టోపీ పెట్టుకుంటే బుజ్జగింపట, చెక్కు ఇస్తే బుజ్జగింపట. ఆ మాట విన్నప్పుడల్లా మాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. మంత్రివర్గంలో ఏళ్ళ తరబడి లేనివాళ్ళం, నివేదికలు తొక్కిపెట్టించుకున్నవాళ్ళం, సర్కారుతోనే కేసులాడి ఓడినవాళ్ళం - మేము బుజ్జగింపు పొందినవాళ్ళమా? బుజ్జగించేది హక్కు ఇవ్వనివాళ్ళనే. ఏడుస్తున్న పిల్లకు పాలివ్వకుండా చేతిలో గిలక్కాయ పెట్టడమే బుజ్జగింపు. గిలక్కాయ తీసేసుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

చివరికి మా ఇంటి సంగతి. ఈ దర్బారు మా సహకారం లేకుండా నడవలేదు. ముఖ్యమంత్రికీ బస్తీకీ మధ్య మా పెద్దలు కొందరు దళారులుగా నిలబడ్డారు. వాళ్ళకు నవాబే కావాలి, ఎందుకంటే నవాబు ఉంటేనే ముసాహిబు ఉంటాడు. సభలో ప్రశ్న వేస్తే జవాబు అందరికీ వస్తుంది. క్యాంపు ఆఫీసులో విన్నవించుకుంటే పని వాళ్ళొక్కరికే అవుతుంది. ఆ దర్బారులోకి దూదేకుల సాయిబు ఎప్పుడైనా వెళ్ళాడా? ఉర్దూ సరిగా రాని కృష్ణా జిల్లా ముసల్మాను వెళ్ళాడా? బీడీలు చుట్టే నిజామాబాద్ ఆడబిడ్డ వెళ్ళిందా? జమాత్ పేరుతో, ఖానదాన్ పేరుతో వెళ్ళినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ముఖ్యమంత్రి మాకు నవాబుగా కనిపించడానికి సగం కారణం మాలోని నవాబులే.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. మా మీద వేసిన ప్రతి కమిషన్ నివేదికనూ చట్టం చెప్పిన గడువులో సభ ముందు పెట్టండి. మాకిచ్చిన ప్రతి వాగ్దానానికీ ఇది చేయగలం, ఇది చేయలేం అని సభలో చెప్పండి. నిర్దోషులకు పరిహారం చట్టంగా తెండి. వక్ఫ్ బోర్డును బోర్డుగా పనిచేయనివ్వండి. మంత్రివర్గం ఏర్పడిన రోజునే అందులో మేము ఉండాలి, ఉప ఎన్నిక వచ్చిన రోజున కాదు. మా ఎమ్మెల్యేలకు కూడా చెబుతున్నాం - మీరు ముఖ్యమంత్రి పక్కన దిగిన ఫొటో మాకు వద్దు. సభలో ఆయన్ను అడిగిన ప్రశ్న, దానికి ఆయన ఇచ్చిన జవాబు, ఆ రెండూ తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చేసి మా మహల్లాలో పంచండి.

పత్రికలవాళ్ళం మేమూ ఒక మాట ఇస్తున్నాం. ఇకమీదట మా కలం నుంచి వరాల జల్లు రాదు, అతా ఫర్మాయా రాదు. ప్రభుత్వం మంజూరు చేసింది, సభ ఆమోదించింది అని రాస్తాం. చేయకపోతే చేయలేదని రాస్తాం.

రంజాన్ మళ్ళీ వస్తుంది. షామియానాలు మళ్ళీ వేస్తారు. ముఖ్యమంత్రి గారూ, ఇఫ్తార్ ఖర్చు మీరు పెట్టనక్కర్లేదు. మా బస్తీకి రండి, మా ఇంట్లో ఉన్నదేదో కలిసి తిందాం. మీరు అతిథి, మేము ఆతిథ్యం ఇచ్చేవాళ్ళం. అక్కడ మిమ్మల్ని ఏమీ అడగం. అడగవలసిన చోటు వేరే ఉంది. మర్నాడు పొద్దున్న సభకు వెళ్ళండి, మా లెక్క అక్కడ చెప్పండి.